‘ఫీలయ్యాను’ని ఇంగ్లీషులో ఏమంటారు, పోర్చుగీసులో ఏమంటారు? మింగేసిన మాటను బయటికి తెచ్చే పద్ధతి

హైదరాబాదులో మాకు సాయంత్రం ఆరున్నర అయితే, సావో పాలోలో వాళ్ళకి పొద్దున పది. మందుల ఎగుమతి పనిలో ఉన్నాను కాబట్టి కొన్నేళ్ళుగా నా సాయంత్రాలన్నీ బ్రెజిల్ వాళ్ళతోనే గడుస్తున్నాయి. ఒకసారి నేను మూడు వారాలు కూర్చుని చేసిన రిపోర్టుని అక్కడి టీమ్‌లో ఒకతను పైవాళ్ళకి చూపించాడు. అందులో నా పేరు ఎక్కడా లేదు. నాలుగు రోజులు మింగుకుని ఊరుకున్నాను. ఐదో రోజు కాల్ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక, ధైర్యం తెచ్చుకుని ఇంగ్లీషులో అన్నాను: “దట్ డే ఐ ఫెల్ట్ ఎ లాట్.”

అటువైపు ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి మర్యాదగానే అడిగాడు: “యూ ఫెల్ట్... వాట్?”

తెలుగులో ‘ఫీలయ్యాను’ అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. మనసు నొచ్చుకుందని పసిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఇంగ్లీషులో మాత్రం ‘ఫీల్’ ఉత్త గిన్నె. అందులో కోపం వేస్తారో, ఆకలి వేస్తారో, చలి వేస్తారో మీరే చెప్పాలి. నేను తడబడుతూ “హర్ట్” అన్నాను. అప్పుడతను తనలో తాను అనుకున్నట్టు పోర్చుగీసులో “ఆ, ఫికో సెంచీద” అన్నాడు.

తర్వాత వెతికి చూస్తే నవ్వొచ్చింది. పోర్చుగీసులో ‘సెంచీర్’ అంటే ఫీలవడం. ‘ఫికో సెంచీద’ అంటే ఆమె నొచ్చుకుంది అని. అంటే అచ్చంగా మన ‘ఫీలయింది’. ఇంగ్లీషు నుంచి మాట అరువు తెచ్చుకుని మనం కట్టుకున్న అర్థం, ఇంగ్లీషు వాళ్ళకి అందలేదు కానీ బ్రెజిల్ వాళ్ళ భాషలో ముందే ఉంది.

ఆ రోజు నుంచి పోగుచేసుకున్నదే ఈ రాత. ఇంగ్లీషులో పని చేస్తూ, బ్రెజిల్‌లోనో పోర్చుగల్‌లోనో చదువుతూ, లేదా అక్కడి మనుషులతో రోజూ మాట్లాడుతూ, లోపలి మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలని తెలుగువాళ్ళ కోసం ఇది.

ఉచ్చారణ గురించి ఒక మాట. పోర్చుగీసు మాటల్ని బ్రెజిల్ పలుకుబడిలో రాశాను. పోర్చుగల్‌లో వేరేగా ఉన్నచోట చెబుతాను. వాళ్ళ ముక్కుపలుకులకి మనం వదిలేసిన అరసున్న భలే పనికొచ్చింది. ‘కాదు, లేదు’ అనే మాట ‘నాఁవ్’. ‘బాగు’ అనేది ‘బేఁయ్’. ఇంగ్లీషువాళ్ళు పోర్చుగీసుని కూడా ‘ట, డ’లతో పలుకుతారు కానీ పోర్చుగీసువాళ్ళవి మన ‘త, ద’లే. ఆ విషయంలో మనకి పని సగం అయిపోయినట్టే.

మొదటి మెట్టు: ముందు తెలుగులో పేరు పెట్టండి

ఇంగ్లీషు రాక చెప్పలేకపోతున్నాం అనుకుంటాం. చాలాసార్లు అసలు చిక్కు అంతకంటే ముందే ఉంటుంది. లోపలున్నదేమిటో మనకే తెలీదు. ‘ఏదోలా ఉంది’ అంటాం. లేకపోతే నాలుగు అరువు మాటలతో సరిపెడతాం: ఫీల్, టెన్షన్, హర్ట్, ఇరిటేషన్. పరీక్ష ఉన్నా టెన్షనే, అమ్మాయి ఫోన్ ఎత్తకపోయినా టెన్షనే, ఇంటి లోను కట్టాలన్నా టెన్షనే. ఈ టెన్షన్‌ని ఇంగ్లీషువాళ్ళ ముందు పెడితే, ఇద్దరి మధ్య ఏదో బిగువు ఉందనుకుంటారు. మీరు చెప్పాలనుకున్నది దిగులైతే ‘వరీడ్’, భయమైతే ‘స్కేర్డ్’ లేదా ‘నెర్వస్’, పని నెత్తి మీద పడితే ‘స్ట్రెస్డ్’.

అందుకని ఈ మెట్టు మీద ఒక నియమం: ఆ నాలుగు మాటలూ వాడకుండా, తెలుగులో, కాగితం మీద రాయండి. మన దగ్గర మాటలకి కొదవా? నొచ్చుకోవడం, చిన్నబోవడం, అలగడం, బెంగపడటం, గుబులు, ఉక్రోషం, వెలితి, చిరాకు, ఏవగింపు, మొహమాటం. ఒక్కోదానికీ దారి వేరు. ఉక్రోషంలో చేతకానితనం కలిసి ఉంటుంది, ఉత్త కోపంలో ఉండదు. చిన్నబోవడంలో పదిమంది చూశారన్న బాధ ఉంటుంది.

నా రిపోర్టు సంగతి అలా రాసుకుంటే తేలింది ఇది: ‘కోపం కాదు. చిన్నబోయాను. నన్ను లెక్కలోకి తీసుకోలేదనిపించింది.’ కోపమని ‘యాంగ్రీ’ అని ఉంటే మాట మాటా పెరిగేది. ‘లెక్కలోకి తీసుకోలేదు’ అన్నది దొరికాక ఇంగ్లీషు దానంతటదే దొరికింది: ‘లెఫ్ట్ అవుట్’.

రాసుకోవడం వల్ల లాభం ఉందని అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త జేమ్స్ పెనెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో చూపించాడు. కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని బాధపెట్టిన సంఘటనల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళకి మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో, జరిగినదాన్నీ దానివల్ల కలిగిన బాధనీ రెండూ రాసినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. కాబట్టి రాసిన రోజు రాత్రే ఎవరికీ మెసేజ్ పెట్టకండి. రాసిన వెంటనే మనసు వేడిగానే ఉంటుంది. ఒక రాత్రి గడవనివ్వండి.

రెండో మెట్టు: ‘నాకు’ ఎటు పోతోందో చూసుకోండి

తెలుగులో మనసు సంగతులన్నీ మన దగ్గరికి వస్తాయి. నాకు కోపం వచ్చింది. నాకు భయం వేసింది. నాకు బెంగ పట్టుకుంది. కోపం చుట్టంలా వచ్చింది, ఉండి పోతుంది, అందులో మన తప్పేమీ లేదు. ఈ వెసులుబాటు ఇంగ్లీషులో లేదు. ‘ఐ యామ్ యాంగ్రీ’ అంటే నేనే కోపాన్ని అయిపోయినట్టు. వాక్యం మొదట్లోనే ‘నేను’ అని నిలబడాలి. మొదట్లో అందుకే మనకి ఇంగ్లీషులో మనసు చెప్పుకోవడం ఎబ్బెట్టుగా, కాస్త పొగరుగా కూడా అనిపిస్తుంది. అది మీ పిరికితనం కాదు, వ్యాకరణం.

పోర్చుగీసు ఇక్కడ మనవైపు జరుగుతుంది. ‘ఇస్తో కోఁ హైవ’ అంటే ‘కోపంతో ఉన్నాను’. ‘కోఁ’ అంటే ‘తో’. కోఁ మేదు, భయంతో. కోఁ వెర్గోన్య, సిగ్గుతో. కోఁ సియూమి, అసూయతో. ఇంకా దగ్గరికి రావాలంటే ‘మి దేవ్ హైవ’: నాకు కోపం తెప్పించింది. బ్రెజిల్ వాడుకలో ‘బతేవ్ ఊమ సౌదాజి’ అంటారు, బెంగ వచ్చి కొట్టింది అని. కెరటం వచ్చి కొట్టినట్టు.

మనం బాగా తప్పు చేసేది పోర్చుగీసులో ‘ఉండటం’ దగ్గర. అక్కడ మూడున్నాయి. ‘సో త్రీస్చి’ అంటే నేను పుట్టుకతోనే విచారపు మనిషిని అని. ‘ఇస్తో త్రీస్చి’ అంటే ఇప్పుడు విచారంగా ఉన్నాను అని. ‘ఫికేయ్ త్రీస్చి’ అంటే ఏదో జరిగి నాకు విచారం కలిగింది అని. దాచుకున్న బాధ చెప్పడానికి మూడోదే సరైనది, ఎందుకంటే దాని వెనక ఒక కారణం ఉందని అదే చెబుతుంది. అవతలివాళ్ళు “ఏమైంది?” అని అడుగుతారు. మీకు కావలసిందీ అదే.

ఇంకోటి, తెలుగులో ‘నేను’ అని చెప్పుకునేటప్పుడు ఆడా మగా తేడా లేదు. పోర్చుగీసులో ‘నేను’ వెనక వచ్చే భావం మాటకి ఉంది. మగవాళ్ళు ‘ఫికేయ్ మగ్వాదు’ అంటే, ఆడవాళ్ళు ‘ఫికేయ్ మగ్వాద’ అనాలి, నాకు బాధ కలిగిందని. త్రీస్చి మాత్రం ఇద్దరికీ ఒకటే. తడబడితే త్రీస్చితో గడిపేయండి.

మూడో మెట్టు: మూడు ముక్కల వాక్యం

జరిగింది, నాకు కలిగింది, అడిగేది. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ దీన్నే నాలుగు భాగాలుగా నేర్పాడు: చూసింది, కలిగిన భావం, దాని వెనకున్న అవసరం, చేసే మనవి. ఆఫీసు మాటల్లో అవసరం అన్నదాన్ని వేరే చెప్పకపోయినా నడుస్తుందని నా అనుభవం.

ఇంగ్లీషులో: “వెన్ మై నేమ్ వాజంట్ ఆన్ ద రిపోర్ట్, ఐ ఫెల్ట్ లెఫ్ట్ అవుట్. నెక్స్ట్ టైమ్, కుడ్ యూ మెన్షన్ మీ?”

పోర్చుగీసులో: “క్వాందు మేవ్ నోమి నాఁవ్ అపరెసేవ్ ను హెలతోరియు, ఫికేయ్ షతియాద. ద ప్రోసిమ వేస్, వొసే పోజి మి సితార్?” మగవాళ్ళయితే ‘షతియాదు’.

మొదటి ముక్క చూడండి. ‘నువ్వు నా పేరు తీసేశావు’ అనలేదు, ‘నా పేరు లేదు’ అన్నాను. ఇది మనకి కొత్తేం కాదు. గ్లాసు పగిలితే ‘గ్లాసు పగిలింది’ అంటాం, ఎవరు పగలగొట్టారో అందరికీ తెలిసినా. అదే తెలివి.

రెండో ముక్కలో ఒక దొంగ దూరుతుంటాడు. ‘ఐ ఫీల్ దట్ యూ డోంట్ రెస్పెక్ట్ మీ’ అంటాం. అందులో ఫీలింగ్ లేదు, తీర్పు ఉంది. ‘ఫీల్’ తర్వాత ‘దట్’ గానీ ‘యూ’ గానీ వచ్చిందంటే అక్కడ మీరు మనసు విప్పడం లేదు, ఎదుటి మనిషిని బోనులో నిలబెడుతున్నారు. ఆ రెంటిలో ఏది వచ్చినా వాక్యం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టండి.

నాలుగో మెట్టు: ఒకడుగు గతంలోకి వెయ్యండి

ఇది మూడు భాషల్లోనూ ఒకేలా ఉండటం నాకు ఇప్పటికీ వింతే. మనం ఎదురుగా నిలబడి ఉండి కూడా “ఒక మాట అడుగుదామనుకున్నానండీ” అంటాం, ఎప్పుడో అనుకున్నట్టు. ఇంగ్లీషువాళ్ళు “ఐ వాంటెడ్ టు ఆస్క్”, “ఐ వజ్ హోపింగ్” అంటారు. బ్రెజిల్‌లో “కెరీయ చి జిజేర్ ఊమ కోయ్జ”, అంటే ‘నీకొక మాట చెబుదామనుకున్నా’. కోరికని గతంలోకి నెడితే ఎదుటివాళ్ళకి ‘వద్దు’ అనే వీలు మిగులుతుంది. కాబట్టి బరువైన మాట ఏదైనా ఈ వాక్యంతోనే మొదలుపెట్టండి.

“ఏమీ అనుకోకండి” అన్నది మాత్రం మాటకి మాట మారిస్తే అభాసుపాలవుతాం. ‘డోంట్ థింక్ ఎనీథింగ్’ అంటే ఆలోచించడం మానెయ్యమన్నట్టు, ‘డోంట్ ఫీల్’ అంటే రాయైపొమ్మన్నట్టు. ఇంగ్లీషులో “ప్లీజ్ డోంట్ టేక్ దిస్ ద రాంగ్ వే”. పోర్చుగీసులో “నాఁవ్ మి లేవి అ మౌ”, నన్ను చెడుగా తీసుకోకండి అని.

‘కాస్త’ అనే మాట గురించి జాగ్రత్త. “నాకు కాస్త బాధనిపించింది” అని మనింట్లో పెద్దావిడ అంటే అది కాస్త కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. బ్రిటిష్ వాళ్ళూ అంతే. వాళ్ళ బాసు మెయిల్లో ‘ఎ బిట్ డిసప్పాయింటెడ్’ అని రాశాడంటే గట్టిగానే కాలిందని అర్థం. అమెరికన్లు మాత్రం ‘ఎ బిట్’ని చాలావరకు కొంచెం అనే తీసుకుంటారు. బ్రెజిల్ వాళ్ళు ‘ఉఁ పొకీన్యు’ అని ముద్దుగా చిన్నది చేసి చెబుతారు, దాని బరువు గొంతులో వెతుక్కోవాలి.

‘ఎలా ఉన్నావ్?’కి జవాబులు కూడా ఇంతే. ఇంగ్లీషులో ‘ఐ యామ్ ఫైన్’ ఒక మూసిన తలుపు. బ్రెజిల్‌లో ‘తూదు బేఁయ్’ ప్రశ్నా అదే, జవాబూ అదే. పోర్చుగల్‌లో పెద్దవాళ్ళు “వాయ్-స్ అందాందు” అంటారు, నడుస్తోంది అని. మనవాళ్ళు “ఏదో, అలా నడుస్తోంది” అన్నట్టే. ఈ మూసిన తలుపుని కొంచెం తెరవాలంటే ఇంగ్లీషులో “ఆనెస్ట్లీ, నాట్ గ్రేట్”, పోర్చుగీసులో “మాయ్స్ ఓ మేనుస్”, అంతంతమాత్రం, అని ఆగిపోండి. ఆగడమే ముఖ్యం. అడగాలనుకున్నవాళ్ళు అడుగుతారు.

ఐదో మెట్టు: ఒక్కో భావానికి ఒక్కో తలుపు

బెంగతో మొదలుపెడతాను. సౌదాజి అనే మాటని ఏ భాషలోకీ అనువదించలేమని ప్రతి ఒక్కరూ చెబుతారు. పోర్చుగల్‌లో దాన్ని ‘సౌదాద్’ అంటారు. వినీ వినీ విసుగొచ్చింది. మనుషుల విషయంలో అయితే మన ‘బెంగ’ దానికి చాలా దగ్గర. తేడా ఎక్కడంటే, బెంగ పెట్టుకున్న పిల్లకి జ్వరం వస్తుంది, అన్నం సయించదు. సౌదాజిలో బాధతోపాటు ఒక తీపి ఉంటుంది, దాన్ని తలుచుకుని కాస్త నవ్వుకోవచ్చు కూడా. చిన్నప్పటి వేసవి సెలవుల మీద బెంగ అనం, సౌదాజి అంటారు. బ్రెజిల్‌లో జనవరి 30ని దాని పేరు మీద ఒక రోజుగా గుర్తుచేసుకుంటారు.

చెప్పే తీరు: బ్రెజిల్‌లో “ఇస్తో కోఁ సౌదాజి జి వొసే”, నీ మీద బెంగగా ఉంది. పోర్చుగల్‌లో దాన్ని బహువచనం చేసి “తేన్యు సౌదాద్ష్ తూవష్” అంటారు. ఇంకో వాక్యం ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం: “సీంతు సువ ఫౌత”. ఫౌత అంటే లోటు. నీ లోటు నాకు తెలుస్తోంది. తెలుగులో లోటు అనే మాటని మనం పోయినవాళ్ళకే దాచిపెట్టాం. వాళ్ళు ఊరెళ్ళిన స్నేహితుడికి కూడా వాడతారు. కలుసుకుని బెంగ తీర్చుకోవడాన్ని ‘మతార్ సౌదాజి’ అంటారు, అంటే బెంగని చంపడం. ఇంగ్లీషులో వీటన్నిటికీ కలిపి ‘ఐ మిస్ యూ’ ఒక్కటే. ‘హోమ్‌సిక్’ ఇంటికే తప్ప మనిషికి పనికిరాదు.

ఇక్కడో చిన్న పక్కదారి. పోర్చుగీసువాళ్ళు గోవాలో 1510 నుంచి 1961 దాకా ఉన్నారు. ఆ కాలంలో వాళ్ళ భాష నుంచి తువాలు, బొత్తాం, అల్మారా, అనాస, మేస్త్రీ మనదాకా నడిచి వచ్చాయి. ఇంట్లోకి కావలసిన సామానంతా వచ్చింది, బెంగా బాధా మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

మింగిన కోపం. మనం దిగమింగుతాం, ఇంగ్లీషువాళ్ళు సీసాలో పోసి మూత పెడతారు, ‘బాటిల్ అప్’. బ్రెజిల్ వాళ్ళు ‘ఎంగొలీర్ సాపు’ అంటారు, కప్పని మింగడం. అవమానాన్ని కిక్కురుమనకుండా భరించడానికి ఇంతకంటే సరైన బొమ్మ నేను చూడలేదు. గొంతులో కాళ్ళు కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. “ఐ హావ్ బీన్ బాట్లింగ్ దిస్ అప్ ఫర్ ఎ వైల్” అని ఎదుటివాళ్ళతో నేరుగా అనొచ్చు, అందులో తప్పు మీ మీదే వేసుకున్నట్టు ఉంటుంది. కప్ప మాట మాత్రం స్నేహితుల దగ్గరే వాడండి. బాసుతో “నెలల తరబడి కప్పలు మింగుతున్నాను” అంటే ఆ కప్ప ఎవరో ఆయనకి వెంటనే తెలిసిపోతుంది.

మాగ్వ. నొప్పి తగ్గాక కూడా మిగిలే నొప్పి. లాటిన్‌లో మరక అనే మాట నుంచి వచ్చింది ఇది. ‘గ్వర్దార్ మాగ్వ’ అంటే మనసులో పెట్టుకోవడం. ఇంగ్లీషులో దీన్ని చాలామంది ‘హోల్డ్ ఎ గ్రడ్జ్’ అని మారుస్తారు, అక్కడే తేడా కొడుతుంది. గ్రడ్జ్ పెట్టుకున్నవాడు కక్ష కట్టినవాడు. మాగ్వ ఉన్నవాడు పాపం బాధపడుతున్నవాడు. మీది కక్ష కాకపోతే “ఐ యామ్ స్టిల్ హర్ట్ అబౌట్ ఇట్” అనండి. ‘ఐ గాట్ హర్ట్’ అనకండి, కింద పడి దెబ్బ తగిలిందేమోనని చూస్తారు.

అలక. దీని దగ్గర కాస్త ఆగాలి. మన అలకకి ఒక అందం ఉంది, సత్యభామ దగ్గర్నుంచీ. అలిగినవాళ్ళు ఏమీ చెప్పక్కర్లేదు, బుజ్జగించే బాధ్యత అవతలివాళ్ళది. ఇంగ్లీషులో ‘సల్కింగ్’ అంటే అందంలేదు, పెద్దవాళ్ళని అంటే ఎత్తిపొడుపే. బ్రెజిల్‌లో మూతి ముడుచుకున్నవాళ్ళని ‘ఎంబుహాదు’ అంటారు, పోర్చుగల్‌లో ‘అమువాదు’. పిల్లలు మాట్లాడుకోవడం మానేస్తే ‘ఫికార్ జి మౌ’, మన పిల్లల ‘కటీఫ్’. లండన్‌లోనో లిస్బన్‌లోనో రూమ్మేటు మీద అలిగి తలుపేసుకుంటే బుజ్జగించడానికి ఎవరూ రారు. మీకు ఏకాంతం కావాలేమోనని మర్యాదగా వదిలేస్తారు. నాకు తెలిసినమ్మాయి ఒకతె ఇలా రెండు వారాలు అలిగింది. ఆ రూమ్మేటుకి ఆ సంగతే తెలీదు. కాబట్టి అలకని మాటలోకి దింపాలి: “ఐ యామ్ అప్‌సెట్. గివ్ మీ ఎ డే, దెన్ లెట్స్ టాక్.” పోర్చుగీసులో “ఇస్తో షతియాద. అమన్యాఁ అ జెంచి కొన్వేర్స”, బాధగా ఉంది, రేపు మాట్లాడుకుందాం. ‘ప్రెసీజు జి ఉఁ తేంపు’, నాకు కొంత టైం కావాలి అన్న వాక్యం ప్రేమించిన మనిషితో మాత్రం అనకండి. జంటల మధ్య ఆ మాటకి కొన్నాళ్ళు విడిగా ఉందాం అని అర్థం.

మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు, ‘షై’ అంటే బిడియం. కానీ పోర్చుగీసులో దొరికింది. భోజనానికి పిలిచి “నాఁవ్ ఫాస సెరిమోన్య” అంటారు. ‘తంతు చెయ్యకండి’ అన్నట్టు ఉంటుంది కానీ, అర్థం మాత్రం ‘మొహమాటపడకండి’ అనే. రెండోసారి వడ్డించేటప్పుడు అంటారు, మన అత్తయ్యల్లాగే.

ప్రేమ గురించి క్లుప్తంగా. ఇంగ్లీషు ‘లవ్’ పిజ్జా మీదా పారబోస్తారు కాబట్టి దాని బరువు సందర్భాన్ని బట్టే. ‘చి ఆము’ బ్రెజిల్‌లో అమ్మానాన్నలకీ స్నేహితులకీ కూడా చెబుతారు. పోర్చుగల్‌లో ‘ఆము-త్’ అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. మన ‘నువ్వంటే ఇష్టం’ అనే మెట్టుకి ‘గోస్తు జి వొసే’ సరిపోతుంది. ఇంకా చెప్పని, లోపలే ఉన్న ఇష్టాన్ని ‘తేర్ ఊమ కేద’ అంటారు, పడిపోయినట్టు అని.

ఆరో మెట్టు: గోతులు

వీటి గురించి త్వరగా చెప్పేస్తాను. ఎవరికైనా మనసు విప్పుతూ ‘మేవ్స్ సెంచిమెంతుస్’ అనకండి. ‘నా భావాలు’ అనే కదా అనిపిస్తుంది, కానీ అది చావు పలకరింపు, సంతాపం. ‘సీంతు మూఁయ్తు’ కూడా ‘చాలా ఫీలవుతున్నాను’ కాదు, ‘క్షమించండి’ లేదా ‘అయ్యో పాపం’. ‘ఎక్సైటెడ్’ అనే అర్థంలో ‘ఎసితాదు’ అన్నారంటే గదిలో వాళ్ళు తలలు దించుకుంటారు, అది పడకగది మాట, ‘అనిమాదు’ అనండి. ఇంగ్లీషు ‘ఎక్స్‌క్విజిట్’లా వినిపించే ‘ఇస్కిజీతు’ అంటే అద్భుతం కాదు, వింత. ఇంగ్లీషు వైపు చూస్తే, ‘హీ ఈజ్ సీరియస్’ అంటే మనకి ఆస్పత్రి గుర్తొస్తుంది, ఇంగ్లీషువాళ్ళకి ఆ మనిషి వేళాకోళం ఆడటం లేదని మాత్రమే అర్థమవుతుంది.

ఏడో మెట్టు: వినే మనిషిని సిద్ధం చెయ్యండి

ఇంత తయారయ్యాక కూడా మాట వృథా పోయేది ఇక్కడే. పోర్చుగీసులో ‘దెజబఫార్’ అని ఒక క్రియ ఉంది. ‘అబఫార్’ అంటే ఊపిరాడకుండా మూసెయ్యడం, దానికి ముందు ‘దెజ్’ చేరిస్తే ఆ మూత తియ్యడం. “పోసు దెజబఫార్?” అని అడుగుతారు, కాస్త మనసు విప్పి చెప్పుకోవచ్చా అని. ఇంగ్లీషులో “కెన్ ఐ వెంట్ ఫర్ ఎ మినిట్?” అంటారు. బరువు దించుకుంటాను అనాలంటే ‘గెట్ సంథింగ్ ఆఫ్ మై చెస్ట్’. అనుమతి అడగడం మన అలవాటు కాదు, మనవాళ్ళు పక్కన కూర్చుని మొదలుపెట్టేస్తారు. అక్కడ అడిగితేనే అవతలివాళ్ళు చేతిలో ఫోన్ పక్కన పెడతారు.

దాని వెనకే ఇంకో వాక్యం చేర్చండి. “ఐ డోంట్ నీడ్ అడ్వైస్, జస్ట్ లిజన్.” లేదా “సో మి ఇస్కూత”, ఊరికే విను. లేకపోతే మీ బాధ సగంలో ఉండగానే పరిష్కారాలు మొదలవుతాయి. ఇది అన్ని దేశాల మగవాళ్ళకీ ఉన్న జబ్బు, మన ఇళ్ళలోని వాళ్ళతో సహా.

గొంతు పూడుకుపోతే అదీ చెప్పెయ్యండి. ఇంగ్లీషులో ‘ఎ లంప్ ఇన్ మై థ్రోట్’, గడ్డ. పోర్చుగీసులో ‘నో న గర్గాంత’, ముడి. గుండె పిండేసినట్టుంటే ‘అపేర్తు ను పేయ్తు’. ఒళ్ళు చెప్పే మాటలు మూడు భాషల్లోనూ ఒకేచోట ఉంటాయి కాబట్టి, భావానికి పేరు దొరకనప్పుడు ఇవే మిమ్మల్ని ఆదుకుంటాయి.

పరాయి భాషలో చెప్పడం వల్ల ఒక లాభమూ, ఒక ప్రమాదమూ ఉన్నాయి. జాన్ మార్క్ డెవేల్, అనెటా పావ్లెంకో అనే భాషాశాస్త్రవేత్తలు 2001 నుంచి 2003 దాకా వెయ్యి మందికి పైగా బహుభాషీయుల్ని ఇంటర్నెట్‌లో ప్రశ్నలడిగారు. భావాలు చెప్పుకోవడానికి మొదటి భాషే బలమైనదని, తర్వాత నేర్చిన భాషల్లో మాట తేలికగా అనిపిస్తుందని ఎక్కువమంది అన్నారు. లాభమేమిటంటే, తెలుగులో నోరు రాని మాట ఇంగ్లీషులో వచ్చేస్తుంది. ‘నాన్నా, నువ్వంటే ప్రేమ’ అనలేనివాళ్ళు కూడా ‘లవ్ యూ డాడ్’ అని మెసేజ్ పెడతారు. ప్రమాదమేమిటంటే, మీకు తేలికగా ఉన్న మాట ఎదుటివాళ్ళకి సొంత భాష. మీరు విసిరిన గులకరాయి వాళ్ళకి బండరాయిలా తగలొచ్చు. ముఖ్యంగా ‘హేట్’ అనే మాట ఇంగ్లీషులో ఎంత సులువుగా అనేస్తామో, పోర్చుగీసులో ‘ఓజియు’ అని ఎంత సులువుగా నేర్చేసుకుంటామో! వాటిని వాడేముందు తెలుగులో ‘నాకు అసహ్యం’ అని ఒకసారి పైకి అని చూసుకోండి. అనలేకపోతే అక్కడా అనకండి.

నా విషయానికొస్తే, ఆ కాల్‌లో అతను సారీ చెప్పాడు. తర్వాతి నెల రిపోర్టులో నా పేరు వచ్చింది, స్పెల్లింగ్ తప్పుతో. “దేయ్ష ప్రా లా” అన్నాను, పోనీలే అని. ఫోన్ పెట్టేసే ముందు అతను కుతూహలంగా అడిగాడు, ‘ఫికో సెంచీద’ని మీ భాషలో ఏమంటారని.

“ఫీలయ్యింది అంటాం.”

“అది ఇంగ్లీషు కదా!” అన్నాడు.

“కాదు,” అన్నాను. “నీకు మొదటిసారి చెప్పినప్పుడు అర్థం కాలేదుగా.”